చెయ్యి తగలని విత్తనం

చర్ల అవతలి ఆ అడవి ఊళ్లో పెద్దమనిషి ముట్టనిదే ఎవరూ విత్తనం చల్లరు. భార్య పోయిన నాటినుంచి ఆయన గడప దాటలేదు. ఈలోగా రెండు వానలు పడ్డాయి. మనవరాలు పరీక్షకు చరిత్ర పాఠం పైకి చదువుకుంటుంటే మంచం మీది నుంచే వింటున్నాడు.

"ఆ రాజు ఎన్నేండ్లు కచేరీకి రాలేదంటివి?"

"దగ్గర దగ్గర ముప్పై ఏండ్లు, తాతా. మింగ్ వంశపు రాజు. కోటలనే ఉన్నడు."

"రోగమా?"

"మనసు పెట్టలే. అర్జీలు అట్లనే పడి ఉన్నయి. ఆఫీసర్లు సచ్చిపోతే కొత్తోళ్లను పెట్టలే."

ముసలాయన మోచేతి మీద లేచాడు. అంత పెద్ద దేశం!

"ఎవరూ అడగలేదా?"

"కోట ద్వారం కాడ మోకాళ్ల మీద కూసొని బతిమిలాడిండ్రు."

"వచ్చిండా?"

"రాలే. ఆయన పోయిన ఇరవై నాలుగేండ్లకు వంశమే పోయింది."

ముసలాయన మంచం అంచుకు జరిగాడు.

"మనోళ్లు గింజలు చల్లిండ్రా, బిడ్డా?"

"నువ్వు ముట్టందే ఎట్ల చల్లుతరు?"

"తిట్టుకుంటుండ్రా?"

"లేదు తాతా. రోజూ పొద్దుగాల బుట్టలు తెచ్చుకొని వాకిట్ల కూసుంటరు. ఎండెక్కినంక పోతరు."

"రోజూనా?"

"అవ్."

"ఇయ్యాల గూడ వచ్చిండ్రా?"

"ఉన్నరు."

ఆయన కాళ్లు నేల మీద పెట్టాడు.

"తలుపు తియ్యి, బిడ్డా."