మూడో చరణం

"దొంగలు! నలుగురూ దొంగలే. చచ్చిపోయిన ఇద్దరితో సహా. అందరికన్నా పెద్ద దొంగవి నువ్వు, ఎమెట్!"

ఆర్కన్సాలో హెలీనా ఊరు. మిసిసిపీ నది కట్ట కింద ఒజెల్లా వంటిల్లు. యాభై ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కిన సిల్ట్ బ్రదర్స్ బ్యాండు గాయకుడు ఎమెట్, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోమనవా, ఒజెల్లా?"

"కూర్చో. కుర్చీతో నాకేం తగాదా లేదు. ఎందుకొచ్చావ్?"

"మిగిలిన ఇద్దరం, నేనూ పియానో ట్రూమనూ, శనివారం పాత హాల్లో కచేరీ పెడుతున్నాం. మన పాటలన్నీ మళ్ళీ. అప్పట్లో మాతో పనిచేసిన వాళ్ళందర్నీ పిలిచాం. ఫిడేలు క్లీటస్ చక్రాల కుర్చీలోనైనా వస్తానన్నాడు."

"మన పాటలా? ఎప్పట్నుంచి మన?"

"అది కాదు..."

"నలుగురు తెల్ల కుర్రాళ్ళు బ్రదర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఉన్న ఒక్క సిస్టర్నీ తెర వెనక దాచారు."

"హాలు వాళ్ళు ఒప్పుకోలేదు. నల్ల పిల్ల మా పక్కన నిలబడితే కుర్చీలు విరుగుతాయన్నారు. నీకూ తెలుసు."

"హాలు సంగతి సరే. రికార్డు అట్ట మీద ఎవడు అడ్డమొచ్చాడు? నా పేరేదీ?"

"తర్వాతి రికార్డుకి వేద్దామని..."

"తర్వాతి రికార్డు! దాని తర్వాతి రికార్డు! పోనీ, శనివారం నేనెక్కడ నిలబడతాను?"

"నువ్వు లేకపోతే ఆ పాటే లేదు, ఒజెల్లా. అందుకే వచ్చాను."

"ఎక్కడ నిలబడతానని అడిగాను."

"సౌండు బాగా వచ్చే చోట."

"అదెక్కడ?"

"మొక్కజొన్న రొట్టె కాలుస్తున్నావా? అప్పటి వాసనే..."

"రొట్టె సంగతి నేను చూసుకుంటా. ఎక్కడ?"

"కొంచెం... వెనగ్గా."

"డ్రమ్స్ వెనకా?"

"ఇంకాస్త."

"తెర వెనకా? ఎమెట్! మళ్ళీ తెర వెనకా?"

"అరవకు. చెప్పనీ."

"ఇప్పుడెవరి కుర్చీలు విరుగుతాయి దొరా?"

"కుర్చీల కోసం కాదు. నా కోసం."

"నీ కోసమా? ముందు నీ గొంతేమిటి, వచ్చినప్పట్నుంచీ రంపంతో కోసినట్టుంది?"

"జలుబు."

"ఆగస్టులోనా?"

"...ఆపరేషనయింది. పాట పోయింది, ఒజెల్లా. ట్రూమన్‌కి కూడా చెప్పలేదు. మిగతా పాటలు కొత్త కుర్రాళ్ళు పాడేస్తారు. 'రేవు దాటించు' మాత్రం నేనే పాడాలంటున్నారు జనం. రెండు చరణాలు వాళ్ళ చేతే పాడిస్తాను. మూడో చరణం దగ్గర కుదరదు. అది వినకుండా ఎవడూ లేచి ఇంటికి పోడు. నువ్వు వెనకనించి పాడు. నేను ముందు పెదాలు కదుపుతాను. నా చరణం ఒక్కటీ..."

"నీ చరణమా?"

"అంటే..."

"మళ్ళీ అను. నీ చరణమా?"

"జనం నాదనే అనుకుంటారు కదా."

"జనం అనుకుంటారు. నువ్వూ అనుకుంటున్నావా?"

"ఆ రోజు స్టూడియోలో నాకు అంత కింది స్వరం అందలేదు..."

"ఏ రోజు అందింది? ఆ చరణం నీ జన్మలో ఒక్కసారైనా పాడావా? చర్చిలో నన్ను మగాళ్ళ వరసలో నిలబెట్టిన గొంతది. 'ఈ ఒక్కటీ అందుకో' అన్నావు. స్టూడియోలో అందుకున్నాను. ప్రతి ఊళ్ళో తెర వెనక అందుకున్నాను. నువ్వు అప్పుడూ పెదాలే కదిపావు! పోయినేడు రేడియోలో ఎవరో పిల్ల నిన్ను అడిగింది, అంత లోతు ఎక్కణ్ణుంచి తెచ్చావని. ఏం చెప్పావు?"

"వదిలెయ్, ఒజెల్లా."

"ఏం చెప్పావు?"

"నది నేర్పిందన్నాను."

"నది! ఆ నది ఇక్కడ నీ ఎదురుగా గిన్నెలు తోముకుంటోంది, చూడు."

"తప్పయింది. ఏం చెయ్యమంటావో చెప్పు."

"పాడతాను."

"పాడతావా! దేవుడు నిన్ను..."

"ఆగు. తెర పీకించు. దీపాల కింద, ముందు నిలబడతాను. నా పక్కన నువ్వుండాలి. మూడో చరణం రాగానే వాయించేవాళ్ళంతా ఆపాలి. ఈ గొంతు మొదట్నుంచీ ఈవిడదే, నాది కాదు అని హాలంతా వినేలా చెప్పాలి నువ్వు. చెప్పాకే నేను నోరు తెరుస్తా."

"నా వల్ల కాదు. గట్టిగా మాట్లాడితే ఈ మిగిలింది కూడా పోతుందన్నాడు డాక్టరు."

"గట్టిగా ఎవడు చెప్పమన్నాడు? గుసగుసగా చెప్పు. మైకు నేను పట్టుకుంటాను."