బోడి కొండ మలుపులో

ఐప్పసి నెల సెలవులకు మదురై నుంచి బయల్దేరిన కారు బోడినాయకనూరు కొండ మలుపులో గోడకు గుద్దుకొని ఆగింది. రెండేళ్ల కూతురు ఇందుజను చంకనేసుకొని దేవిప్రియ మొగుడి ఎదుట నిలబడింది.

"ఏమీ కాలేదే. సుమ్మా, ఊరికినే అరవొద్దు," అన్నాడతను.

"నేను పాలు కొనేదానికి పోతే, బిడ్డను లోపల విడిచి ఫోటోకు దిగితివి. హ్యాండ్‌బ్రేకన్నా వేస్తివా, కారు జారకుండా?"

"మరిచిపోతిని. మనిషి మరవడా?"

"అది ముందే చెప్పింటే ఇంత కోపం రాదు. పాపే ఏదో లాగిందని టీ అంగడోళ్లతో అంటివే! రెండేళ్ల బిడ్డ మీద పెడతావా?"

కిందికి పోయే బస్సుకు ఆమె చెయ్యెత్తింది.

"మా అమ్మ అడిగితే ఏం చెప్పేది?"

"జరిగినట్టే చెప్పు, ఈసారన్నా."

బిడ్డతో ఆమె బస్సెక్కింది.