జగదీశ్వర్ మనవరాలిని కారులో ఎక్కడ కూర్చోబెడతారు?

చిక్కడపల్లి గల్లీ పెద్దలారా, అమ్మలారా, రాంనగర్ నుంచి, కాచిగూడ నుంచి వచ్చిన చుట్టాలారా. మన జగదీశ్వర్ పోయాడు. దండ వేసిన ఆ ఫొటో వైపు చూడటానికి నాకు ధైర్యం చాలడం లేదు. అందుకని మీ వైపే చూసి మాట్లాడుతున్నాను.

ముందు నా కడుపులో మంట చెప్పుకుంటాను. రెండేండ్లుగా ఈ గల్లీలో నన్నూ జగదీశ్వర్‌నూ కలిపి గుమ్మడికాయల జంట అంటున్నారు. వెనక అన్నవాళ్లున్నారు, ముఖం మీద అన్నవాళ్లూ ఉన్నారు. నేను దాసయ్యను. నారాయణగూడలో కట్టెల అడితి నడిపిన మనిషిని. సంతకం తప్ప రాయడం రాదు, అయినా ఎవడి ముందూ తల వంచలేదు. ఆ పేరు పెట్టేముందు సంగతేందని మీలో ఒక్కరైనా అడిగారా? అడగలేదు. ఇవాళ అడగకున్నా చెబుతాను.

జగదీశ్వర్ పాత ఫియట్ కొన్నప్పుడు మనవరాలు మనోరమ అప్పుడే కూర్చోవడం నేర్చింది. కొడుకు రాఘవేందర్ ఆబిడ్స్ నుంచి పిల్లల సీటు ఒకటి తెచ్చాడు. ముందు సీటు వీపుకు రెండు కొక్కేలతో తగిలించేది. ఎర్రటి రెక్సిన్, ఆడుకోవడానికి ముందర చిన్న స్టీరింగు. ఇల్లంతా మురిసిపోయింది. జగదీశ్వర్ ఒక్కడే మురవలేదు. కొక్కేలను వేలితో ఎత్తి చూశాడు, ఊడి వచ్చాయి. వేలికి ఊడింది బ్రేకుకు ఊడదా? ఆ మాట పట్టుకుని నా అడితికి వచ్చాడు. 

మర్నాడు పిల్ల బరువుకు సరిపడే బూడిద గుమ్మడికాయలు రెండు కొన్నాం. ఒకదాన్ని ఆ సీట్లో పెట్టాం. అశోక్‌నగర్‌లో జనం లేని రోడ్డు చూసి జగదీశ్వర్ కారు ఉరికించాడు, గట్టిగా బ్రేకు తొక్కాడు. కాయ, సీటు, కొక్కేలు అన్నీ కలిసి పోయి ముందు డ్యాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. గుజ్జు మా బట్టల మీద పడింది. జగదీశ్వర్ ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు, "దాసన్నా, గది కాయ గాదే. మా పోరి తలకాయ."

వెనక సీటుకు చిన్న పేము కుర్చీ బిగించి, రెండో కాయను మంచం నవారుతో అందులో కట్టి మళ్లీ బ్రేకు తొక్కాడు. అది కదల్లేదు.

పగిలిన ముక్కలను గేటు ముందు పెట్టాడు. అందరూ చూసి భయపడాలని పెట్టాడు. మీరేం చేశారు? కొత్తగా కొన్న కారుకు దిష్టి తీశారనుకుని ముక్కల మీద ఇంత కుంకుమ చల్లారు. ఒకాయన "మా స్కూటర్‌కు గూడ ఒకటి కొట్టరాదే అన్నా" అన్నాడు. ఇది దిష్టి కాదు, పరీక్ష అని నేను చెబితే, ముసలోళ్లు కాయలకు కారులో షికారు చేయించారని నవ్వారు. భయపడమని పెట్టిన కాయతో మీరు భయం పోగొట్టుకున్నారు. పగలని కాయ ఇంట్లో వడియాలైంది.

నవారు కుర్చీ మాట ఇంట్లో చెప్పాడు. బుగ్గమ్మ చెల్లె, నువ్వు ఏడుస్తున్నావు, కోపంతో చెప్పడం లేదు. "బతికున్న పిల్లను పాడె మీద కట్టినట్టు కడ్తవా" అన్నావు. కోడలు రాజకుమారి పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆఫీసులో ఎవరికీ జంకని మొగుడు నీ మాటకు జంకాడు. కుర్చీ అటక ఎక్కింది. ఆనాటి నుంచి కొడుకు కారు నడుపుతుంటే ముందు సీట్లో కూర్చుని పిల్లను తనే ఒళ్లో పెట్టుకున్నాడు. తాత ఒడి కంటే భద్రమైన చోటు ఏముందని మీరంతా మెచ్చుకున్నారు. వెనక కూర్చున్న నాకు తెలుసు, రాంనగర్ దాకా పోయి వచ్చేసరికి అతని అంగీ తడిసి వీపుకు అంటుకునేది.

ఈ ఏడాది గొడవలతో ఊరు ఎట్లా ఉందో చూస్తూనే ఉన్నారు. ఏ మూల తిరిగితే ఏముంటుందో తెలియదు. ఆ రోజు మూల తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా రాళ్లు. రాఘవేందర్ బ్రేకు తొక్కాడు, తప్పు వాడిది కాదు. జగదీశ్వర్ రెండు చేతులూ పిల్ల చుట్టూ ఉన్నాయి. తనను ఆపుకోవడానికి చెయ్యి లేదు. ఛాతీ పోయి డ్యాష్‌బోర్డుకు తగిలింది. అంత గట్టిగా పట్టుకున్నా పిల్ల జారి అద్దానికి కొట్టుకుంది. ఆస్పత్రిలో ఆఖరికి నాతో అన్న మాట, "పట్టుకున్ననే... ఆగలే." మళ్లీ నోరు తెరవలేదు.

మనోరమ బతికింది. అదుగో, నుదుటి మీద కుట్లతో తల్లి ఒళ్లో కూర్చుని నా చేతికర్ర వైపు చూస్తోంది.

గురువారం పొద్దున అస్థికలు గోదావరిలో కలపడానికి బాసర పోతున్నారు. అదే కారు, కొత్త అద్దం వేయించుకుని గేటు ముందు నిలబడింది. పిల్ల ఎక్కడ కూర్చుంటుందని నిన్న అడిగాను. "ఒళ్లె పెట్టుకుంటం పెద్దనాయినా, మెల్లగ పోతం" అన్నాడు రాఘవేందర్. మెల్లగా పోతారట. ఆ రోజు మాత్రం పరుగెత్తారా?

నాకు భయమేస్తోంది. ఈ వయసులో, ఇంతమంది ముందు ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడను. రాత్రి కన్ను మూస్తే బ్రేకు చప్పుడే. కుర్చీని అటక మీంచి నేనే దించుతాను, నవారు నేనే కడతాను. కట్టడం అపశకునమైతే ఆ పాపం నాకు రానీ. రాఘవేందర్, రాజకుమారి, బుగ్గమ్మ చెల్లె, పిల్లను దేంట్లో కూర్చోబెడతారు? బుధవారం దీపాలు పెట్టే వేళకు నాకు జవాబు కావాలి. రాకపోతే గురువారం పొద్దున ఆ కారుకు అడ్డంగా కూర్చుంటాను. ముసలోణ్ణి తొక్కించి పొండి.

ఇప్పుడు అందరూ లేవండి. పిల్లలను ఎత్తుకున్నవాళ్లూ లేవండి. జగదీశ్వర్ కోసం కాసేపు నోరు మూసుకుని నిలబడదాం. ఎవరూ ఏమీ అనొద్దు. జవాబు బుధవారం చెప్పండి.