నీళ్లకు ఏమిస్తారు

వరద వంతెనను ఎత్తుకుపోయిన ఏడాది, మంచినీళ్ల పైపులు వేస్తే ఏ ఊరికెంత లాభమో లెక్కగట్టడానికి కుస్కో పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మ కొండమీది ఊరికి ఎక్కి వచ్చింది. ఆ ఊళ్లో ఒక ముసలాయన ఆమెను కూర్చోబెట్టి ఉడికిన బంగాళదుంపలు ముందు పెట్టాడు.

"కుళాయి వస్తే నెలకెంత కడతారు తాతా?"

"నీళ్లకు డబ్బేంటమ్మా? అవి కొండతల్లి పాలు. మేం అమ్మం, కొనం."

"అసలేమీ ఇవ్వరా?"

"పైపు వేసే కాలవ ఊరంతా కలిసి తవ్విపెడతాం. ఊరి పనులకు తాతలనాటి నుంచీ అంతే."

"తవ్వకం మా లెక్కలోకి రాదు. ఎంతో కొంత చెప్పండి."

"అబద్ధమాడమంటావా? దుంప తిను, చల్లారిపోతోంది."

"మీరు కడతామన్న డబ్బే మా లెక్కలో లాభం. ఏమీ ఇవ్వమంటే సున్నా అని రాయాలి. పైపు కింది ఊళ్లతోనే ఆగిపోతుంది."

ఊరివాళ్లు నీళ్లు మోసుకొచ్చే ఊట దారి వైపు ఆయన చూశాడు. భార్య సతుర్నీనా నీళ్ల డబ్బా వీపున కట్టుకుని కుంటుతూ వస్తోంది.

"దాని మోకాలు మీ లెక్కలోకి వస్తుందా?"

"రాదు తాతా."

"అయితే నీకు తోచినంత రాసుకో."

"మీ ఒక్కరిది మారిస్తే చాలదు. ఊళ్లో అందరూ మీ మాటే చెప్పారు."

"చెప్పరూ మరి."

మర్నాడు పొద్దున్నే ఆయన పార పట్టుకెళ్లి, ఊట దారిలో సతుర్నీనా జారే చోట మెట్లు తవ్వాడు.