ఉత్తమ నటి ఉమాపతి

అయితే మీసాలు తీస్తే ఆడదైపోతదా సారూ? చెప్పుండ్రి! నిన్న క్యాంపస్ హాల్ల మైకు పట్టుకొని మీరే అంటిరి గద, "పద్యనాటకాల పోటీల ఉత్తమ నటి, శ్రీ ఉమాపతి" అని. ఆ 'శ్రీ' అనేటప్పుడన్న నాలుక తడబడలే మీకు!

కూసోండ్రి, కూసోండ్రి. పోటీల సెక్రటరీ అచ్యుతరామయ్య సారే తార్నాకల నా కొంపకొచ్చిండంటె ఎంత భాగ్యం! ఆ శాలువ గాడ పెట్టుండ్రి. చాయ్ తాగుండ్రి.

ఉమాపతి మీద నాకేం కోపం లేదు, పాపం. కుచ్చిళ్లు ఎట్ల పట్టుకొని నడవాల్నో నేనే నేర్పిన. చెలికత్తె వేషం, రెండంటె రెండు పద్యాలు. రెండోదాంట్ల హార్మోనియం ఒక దిక్కు పోయింది, ఆయన ఒక దిక్కు పోయిండు. అయినా కప్పు ఆయనకే!

నాకెందుకు ఇంత మంట అంటరా? నాకొక బిడ్డ ఉన్నది సారూ. మీకు తెల్వదు, ఎవ్వలికి తెల్వదు. ఈ క్యాంపస్లనే బీయే చదువుతది, హాస్టల్ల ఉంటది. దోస్తులకు మా అమ్మ మిషన్ కుడుతదని చెప్పుకున్నది. నాటకాలామె బిడ్డంటె ఎట్ల చూస్తరో మీకు తెల్వదా? "ఈసారి కప్పొస్తె నీ బిడ్డనని అందరికి చెప్త అమ్మా" అన్నది. గందుకే మూడు రోజులు గొంతు చించుకున్న.

కాచిగూడ నాటక సంఘానికి రాణి వేషం నేనే, గోల్నాక సంఘానికి నేనే, మన తార్నాక సంఘానికి నేనే! మరి పద్యం పాడే ఆడది దొరకొద్దా? మీ ఇండ్లల్ల ఆడోళ్లు స్టేజి ఎక్కితే పరువు పోతది, ఈ సారలమ్మకైతే రిక్షా పంపుతరు. ఒక్కో పద్యానికి వన్స్ మోర్, వన్స్ మోర్! మిరియాల కషాయం తాగి తాగి కడుపుల మంట పుట్టింది.

ఏమంటిరి? జడ్జీలు ముగ్గురు నాకే రాసిన్రా? మరి గెలిచినట్టా, ఓడినట్టా?

ఓహో! ఒకాయన కాచిగూడ రాణి అన్నడు, ఒకాయన గోల్నాక రాణి, ఇంకొకాయన తార్నాక రాణి. కప్పు సంఘం బీరువాల పెట్టుకునేదాయె, ఏ సంఘానికియ్యాలె? మూడు సంఘాలోళ్లు కాలర్లు పట్టుకుంటిరి. కొట్లాటెందుకని మీరు నాలుగో సంఘపు ఉమాపతికి ఇస్తిరి. వారెవ్వా సారూ, ఏం దిమాగు! ఉమ్మడి గొర్రె పుచ్చి సచ్చిందంటె గిదే. వేషం ఏ సంఘానిదైతేంది, గొంతు నాదే గద? అడిగిన్రా ఒక్కలన్న?

శాలువ తీసుకోకుంట ఎందుకు పోయినవంటరా? అలిగి పోలే సారూ. అలగనీకె నేనేమన్న ఉత్తమ నటినా?

నాకు శాలువ కప్పనీకె స్టేజి మీదికి పిలిచి మీరు మైకుల అడిగిన్రు యాదికున్నదా? "సారలమ్మ గారి ఇంటోళ్లు ఎవరన్న ఉంటే స్టేజి మీదికి రాండ్రి" అని. మూడో వరుసల దోస్తుల నడుమ నా బిడ్డ కూసున్నది. కప్పు రాలే, గిప్పుడు తల దించుకుంటదనుకున్న.

లేవబోయింది సారూ. నిజంగ. వోణి సర్దుకొని, కాళ్లతోని చెప్పులు వెతుక్కుంటున్నది.

నేనే తొందరపడి "నాకెవ్వలు లేరు" అన్న, మైకుల. కప్పు లేక ఉత్త శాలువ కప్పుకున్న అమ్మను చూపిచ్చుకొని ఏం చేసుకుంటది అనుకున్న.

అది నా మొఖం దిక్కు చూసి మళ్ల కూసున్నది. ఇగ నేను గాడ నిలబడలేకపోయిన.