ఒకటి తగ్గితే

రెండు రోజులుగా ఇంటికి రాని మరిదిని వెతుక్కుంటూ వదిన అతను పనిచేసే మందుల ఫ్యాక్టరీకి వచ్చింది. ఆమె కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతుంది.

“కొంప మునిగింది వదినా! మాత్రల బరువుల్లో తేడా ఎంతుందో లెక్కగట్టి రిపోర్టు పంపేశాను. మాత్రల సంఖ్యలోంచి ఒకటి తీసేసి భాగించాలి కదా? తియ్యకుండానే భాగించేశాను. మళ్ళీ ఆ లెక్క తెరవాలంటేనే భయమేసి, రెండు రోజులుగా ఇక్కడే కూర్చున్నాను.”

“ఎన్ని తూచావు?”

“నలభై వేలు.”

“ఏదీ, ఇప్పుడు ఒకటి తీసేసి భాగించు.”

“అరే! మూడో దశాంశం దాకా అదే వచ్చింది!”

“రాక? అయిదే తూచి ఉంటే నేనే నీ చెవి మెలిపెట్టేదాన్ని. సంఖ్య పెరిగేకొద్దీ రెండు జవాబులూ దగ్గరవుతూ పోతాయి. నలభై వేలల్లో ఆ ఒక్కటి ఉన్నా లేకపోయినా ఒకటే.”

“అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది! అవునూ, ఇంత దూరం ఎందుకొచ్చావు? ఫోన్ చేస్తే సరిపోయేదిగా?”

“నువ్వు ఎత్తితే కదా! అయినా నేనొచ్చింది లెక్క కోసం కాదు. పద, మీ అన్నయ్య మూడు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం నాయనా, అక్కడ ఒకటి తగ్గితే తెలిసిపోతోంది.”