నాన్న బూట్లు

కబేళా లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఎంత అదిలించినా బాతులు షెడ్డు దాటలేదు. అన్న లోపలికెళ్ళి, నాన్న పోయాక ఎవరూ తొడగని రబ్బరు బూట్లు వేసుకొచ్చాడు. చెల్లెలు అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

“విప్పన్నయ్యా!”

“గుడ్డులోంచి బయటపడగానే అవి చూసింది ఈ బూట్లనే. వీటి వెంటైతే నిప్పుల్లోకైనా నడుస్తాయి.”

“అందుకేగా విప్పమంటున్నా! నాన్నే పిలిచాడనుకుంటాయి.”

“బాతులకేం తెలుసే నాన్నెవరో, నేనెవరో? అవతల వాడు హారన్ కొట్టి చంపుతున్నాడు. తప్పుకో.”

బూట్లు టపటపలాడగానే బాతులన్నీ బారుతీరి అతని వెనకే బయలుదేరాయి. లారీ దగ్గర అతను వెనక్కి తిరిగి చూశాడు. బారు చివర చెల్లెలు నిలబడి ఉంది.

“నువ్వెందుకే?”

“చిన్నప్పుడు నేనూ ఆ బూట్ల వెనకే తిరిగాను. నన్నూ ఎక్కించు.”